బావ దాటనన్న హాకీ కర్ర

నేను స్నానం చేసి వచ్చేసరికి స్టౌ మీద పప్పు మాడిపోయింది. మా బావ రెండడుగుల దూరంలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు.

"ఇల్లంతా మాడు కంపు కొడతంటే పేపరెలా సదువుతన్నావ్ బావా?"

"నాకేటీ వాసన రాలేదే," అన్నాడు. ముఖంలో నవ్వూ లేదు, నొచ్చుకోవడమూ లేదు. నేను అరిచినందుకు అలిగాడనుకున్నాను. జబ్బు అప్పటికే మా ఇంట్లోకి వచ్చేసిందని తెలియడానికి నాకు రెండేళ్లు పట్టింది.

మాది కూర్మన్నపాలెం. మా ఆయన సన్యాసిరావు నా మేనత్త కొడుకు, అందుకే ఇప్పటికీ బావా అనే పిలుస్తాను. పద్మనాభం అనే ఊరి దగ్గర వరిచేలల్లో పెరిగినవాడు ఆర్మీలో చేరి, లద్దాఖ్‌లో గడ్డకట్టిన చెరువు మీద స్కేటింగ్ నేర్చుకున్నాడు. ఆర్మీ ఐస్ హాకీ జట్టుకి ఏడు శీతాకాలాలు గోల్‌కీపర్‌గా ఆడాడు. ఐసంటే ఐసుబండిలో తప్ప చూడనివాడు అక్కడివాళ్లకి ఎదురు నిలబడి గోల్స్ ఆపాడంటే నాకెంత గర్వమో చెప్పలేను. కార్గిల్ యుద్ధంలో కాలికి దెబ్బ తగిలిన స్నేహితుణ్ణి వీపున వేసుకుని కొండ దిగాడు. ఆ సంగతి బావ ఎప్పుడూ చెప్పలేదు. ఆ స్నేహితుడే మా ఇంటికొచ్చినప్పుడు భోంచేస్తూ చెప్పాడు.

రిటైరయ్యాక మా ఊరి పక్కనున్న స్టీల్ ప్లాంటులో సెక్యూరిటీ ఉద్యోగం దొరికింది. మంచు నుంచి బావ వెంట తెచ్చుకున్నది ఒక్క హాకీ కర్ర. దసరా ఆయుధపూజలో దానికి బొట్టు పెడతాడు. చిన్నప్పుడు మా అమ్మాయి ఆ కర్రని దాటితే వెనక్కి పిలిచి దణ్ణం పెట్టించాడు.

పప్పు మాడిన కొన్నాళ్లకి కుడి భుజం పట్టేసింది. ఒక డాక్టరు ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు. ఆరు నెలలు ఫిజియోథెరపీ చేయించాం. భుజం సంగతేమో గానీ మనిషిలో మాటే తగ్గిపోయింది. నడుస్తుంటే కుడి చెయ్యి ఊగదు. సంతకం చీమ తలకాయంత అయిపోయింది. నేను ఎంత నవ్వించినా ముఖం మారదు.

"నానంటే మొహం మొత్తేసిందేటి బావా?" అని ఒకరోజు ఏడ్చేశాను.

"అదేటే, నాను బాగానే ఉన్నాను గదా," అన్నాడు అదే ముఖంతో. నాకు ఒళ్లు మండిపోయింది. వారం రోజులు ముభావంగా ఉన్నాను. ఆ వారం గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

చెయ్యి వణకడం మొదలయ్యాక న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లాం. ఎమ్మారై నార్మల్‌గానే వచ్చింది. డాక్టరుగారు బావ చేత వేళ్లు ఆడించారు, వరండాలో అటూ ఇటూ నడిపించారు. తర్వాత నా వైపు తిరిగి, "మీవారు ఈమధ్య నవ్వడం చూశారా అమ్మా?" అని అడిగారు.

"మిలిటరీ మనిషండి, అలాగే ఉంటాడు."

"కాదమ్మా. దీన్ని మాస్క్‌డ్ ఫేస్ అంటాం. లోపల నవ్వుతూనే ఉంటారు, ముఖం కదలదు. ఇది పార్కిన్సన్స్."

వాసన తెలియకపోవడం, భుజం, సంతకం, అన్నిటికీ కారణం ఈ ఒక్క జబ్బే. పూర్తిగా నయం కాదు, మందులతో అదుపులో ఉంటుందన్నారు. జబ్బు పేరుకి కాదు, ఆ నవ్వు మాటకి నాకు దుఃఖం ఆగలేదు. బావే ఎడమచేత్తో నా వీపు నిమిరాడు.

లెవోడోపా మాత్రలు మొదలుపెట్టాక ఏడాది హాయిగా గడిచింది. ఆ తర్వాత గుమ్మాల దగ్గర కాళ్లు నేలకి అతుక్కుపోయేవి. ఫ్రీజింగ్ ఆఫ్ గెయిట్ అన్నారు. ఒక ఉదయం బావ అలా ఆగిపోతే, సాయం చేద్దామని చెయ్యి పట్టి లాగాను. ముందుకి పడ్డాడు. కనుబొమ్మ చీలి నాలుగు కుట్లు పడ్డాయి. ఇక గది దాటి రానన్నాడు. భోజనం కూడా మంచం దగ్గరికే తెమ్మన్నాడు. ఈ మనిషి మళ్లీ వీధి ముఖం చూడడేమోనని నాకు భయం పట్టుకుంది.

ఇంటికొచ్చిన ఫిజియోథెరపిస్ట్ అమ్మాయి, "లాగకూడదండి. ఎదురుగా ఏదైనా అడ్డం పెట్టండి, దాటడానికి కాలు లేస్తుంది," అంది. మూలనున్న హాకీ కర్ర తీసి గుమ్మం ముందు పెట్టింది.

"తీసెయ్యమ్మా. దాన్ని నాను దాటను," అన్నాడు బావ.

నేల మీద రంగు టేపు అంటించి చూశాం, కాలు లేవలేదు. చీపురు పెడదామంటే అదీ దాటకూడదాయె. మూడో రోజు కర్రని నేనే మళ్లీ అడ్డం పెట్టాను.

"యుద్ధంలో నీ దోస్తుని వీపున మోసినోడివి. ఇప్పుడు ఈ కర్ర నిన్ను మోస్తానంటే వద్దంటావేటి బావా?"

బావ గుమ్మం దాకా వచ్చి ఆగాడు. నేను నడుం పట్టుకుంటే నెమ్మదిగా వంగి దాన్ని తాకి, చెయ్యి కళ్లకద్దుకున్నాడు. లేచి, కాలెత్తి దాటాడు. ఆగకుండా వీధి గుమ్మం దాకా నడిచాడు. యుద్ధంలో నేను చూడని ధైర్యం ఆ రోజు నా ఇంట్లో చూశాను.

ఇప్పుడు రోజూ పొద్దున్నే ఇద్దరం జంక్షన్ దాకా నడుస్తాం. మాత్ర టైము తప్పనివ్వను. కాళ్లు పట్టేస్తే బావ ముందు గోల్‌కీపర్‌లా పక్కలకి ఊగి చూస్తాడు. సాధారణంగా అడుగు పడిపోతుంది. పడకపోతే మాత్రం, ఈ జబ్బున్నవాళ్ల ఇంట్లోవారికి నేను చెప్పేది ఒక్కటే: చెయ్యి పట్టి లాగకండి, మీ పాదం వాళ్ల ముందు అడ్డంగా పెట్టండి.

మొదటిసారి నేనలా పెట్టింది జంక్షన్‌లోనే, బస్సు దిగిన జనం మధ్య.

"నీ కాలు దాటమంటావేటే?"

"దాటు బావా."

దాటాడు. రెండడుగులు వేసి నా వైపు తిరిగాడు. అంతమందీ చూస్తుండగా నా భుజం తాకి, ఆ చెయ్యి కళ్లకద్దుకున్నాడు, కర్రకి చేసినట్టే. ముఖం కదల్లేదు. నవ్వుతున్నాడని నాకు తెలుసు.