సీసం దాటే చూపు

మా తిరుపతి ఆసుపత్రిలో స్కానింగుకిచ్చే రేడియో మందును తయారుచేసే పెద్దాయన, మందుబుడ్డిని రోజూ సీసం డబ్బాలో పెట్టి, కిరణాలను కొలిచే మీటరు ముందుంచేవాడు. మంచి మందు కిరణాలు ఆ సీసాన్ని దాటవు, అందులో కలిసిన మలినానివి దాటుతాయి. మీటరు ముల్లు లేచిందంటే, "మలినం ఇంగా సూస్తా ఉండాదమ్మా" అని నర్సునైన నాతో గుసగుసగా చెప్పి, మందును మళ్లీ వడగట్టేవాడు.

ఒకనాడు రెండోసారి వడగట్టాక ముల్లు పడుకుంది. ఆయన డబ్బా అందుకోబోతే లేచింది. చెయ్యి వెనక్కి తీస్తే పడుకుంది. సబ్బుతో మోచేతులదాకా కడుక్కుని వచ్చాడు. మళ్లీ లేచింది.

ఆయన వెనక్కి వెనక్కి జరిగాడు. వీపు గోడకు తగిలాక గానీ ముల్లు పడుకోలేదు.

"మందు సుద్ధంగానే ఉండాది, తీసకపో తల్లీ" అన్నాడు. "ఇప్పుడది నాలోంచి సూస్తా ఉండాది."