జానెడు తక్కువ గొట్టం

పుచ్చకాయ కొనేవాడు తట్టి చూస్తాడు. చేప కొనేవాడు మొప్పలెత్తి చూస్తాడు. వెండెలిన్ కుద్ర్నా గొట్టం కొనేటప్పుడు కొరికి చూస్తాడు.

"బీరు వచ్చేది గొట్టంలోంచే కదండీ! గొట్టం రుచి తెలియనివాడికి బీరు రుచేం తెలుస్తుంది?" అని ఆయన వాదం. నేను పద్నాలుగు రేవుల నీళ్లు తాగినవాణ్ణి, ఎందరో పండితులతో వాదించినవాణ్ణి. ఈ ప్రశ్నకు మాత్రం నాకిప్పటికీ జవాబు దొరకలేదు.

జాటెక్ ఊళ్లో మా ఇంట్లో కింది అంతస్తులో నేను, మధ్యన వెండెలిన్ దంపతులు, పైన మోయ్‌మీర్ గారు ఉండేవాళ్లం. వెండెలిన్ జేబుల్లో ఎప్పుడూ రబ్బరు వాషర్లు గలగలలాడలేక మూలుగుతుండేవి. పెళ్లినాడు ఉంగరం కోసం తడుముకుని వ్లస్తా వేలికి వాషరే తొడిగాడట. "సరిగ్గా పట్టింది, కారదు" అందిట ఆ ఇల్లాలు. అలాంటి మనిషి గనకే కాపురం నిలిచింది.

ఆ వసంతంలో ఇంట్లో బీరు కుళాయి పెడతానన్నాడు వెండెలిన్. నన్ను వెంటబెట్టుకుని గొట్టాలమ్మే క్విడో కొట్టుకు వెళ్లాడు.

"పీపాకీ కుళాయికీ మధ్య దూరమెంత?" అన్నాడు క్విడో.

"నీకెందుకు? ముందు రుచి చూడనీ." ఒక ముక్క కొరికాడు. "ఇది పాత చెప్పు." ఇంకొకటి. "ఇది తడిసిన గొడుగు." మూడోది నమిలి కళ్లు మూసుకున్నాడు. "ఆహా! ఏ రుచీ లేదు! గొట్టమంటే ఇదీ!"

తర్వాత వాషరు నోట్లో వేసుకున్నాడు.

"మింగకు బాబూ, ఆ సైజులో అదొక్కటే మిగిలింది!"

"గొట్టం పొట్టిదైతే బీరు పిచ్చిగుర్రంలా దూకి నురుగైపోతుంది. సన్నగా, పొడుగ్గా ఉంటే నిదానం నేర్చుకుంటుంది. ఇంకో జానెడు వెయ్యి."

"నీ వంటిల్లంతా కలిపినా ఇంత పొడుగుండదు కదయ్యా!"

"ఇంకో జానెడు!"

ఆ "ఇంకో జానెడు" వాళ్లింట్లో మంత్రం. అందుకే వాళ్ల కర్టెన్లు నేల ఊడుస్తుండేవి.

మోయ్‌మీర్ గారి సంగతి చెప్పాలి. ఊరి బీరు దుకాణంలో నలభై ఏళ్లు బీరు పోసిన చెయ్యి ఆయనది. ఆయన పోస్తే నురుగు మూడు వేళ్లు. వెంట్రుకవాసి ఎక్కువ కాదు, తక్కువ కాదు. చలికాలంలో తుంటి విరిగి మంచాన పడ్డారు. మేము కూజాలో బీరు పట్టుకెళ్లేవాళ్లం. ముప్ఫై ఎనిమిది మెట్లెక్కేసరికి నురుగు చచ్చేది.

"శవాన్ని మోసుకొచ్చారు. శవాల్ని నేను తాగను" అని గోడవైపు తిరిగేవారు. మార్చి దాటేసరికి సూపు కూడా ముట్టడం మానేశారు. డాక్టరు పెదవి విరిచాడు.

ఒక ఆదివారం పొద్దున్న మోయ్‌మీర్ గారి మంచం పక్కన నేలకు చిల్లు పొడుస్తూ బరమా మొన పైకొచ్చింది. వెనకాలే గొట్టం తల ఎత్తింది. పీపా కింద వెండెలిన్ వంటింట్లో, కుళాయి పైన మంచం పక్క బల్లకు! క్విడో అడిగిన దూరం ఇదన్నమాట.

"పొయ్యండి మోయ్‌మీర్ గారూ" అన్నాడు వెండెలిన్ పైకొచ్చి దుమ్ము దులుపుకుంటూ.

పెద్దాయన గోడవైపు నుంచి ఇటు తిరిగారు. గ్లాసు చన్నీళ్లలో తొలిచారు, వాల్చి పట్టి కుళాయి తిప్పారు. నురుగు బుస్సున లేచింది. వ్లస్తా అప్రాన్ నలుపుకుంటోంది. ఆయన గ్లాసుకు వేళ్లు ఆనించి కొలిచారు. చలికాలం నుంచీ పాలిపోయిన మొహం ఎర్రబడింది.

"ఒరేయ్ వెండెలినూ! నాలుగు వేళ్లా? జానెడు పొట్టిగా కోశావురా మొద్దూ! నా దుకాణంలో అయితే చెవి మెలేసేవాణ్ణి! రేపొద్దున్నే మార్చు, నేను కూర్చుని చూస్తాను. అమ్మాయ్ వ్లస్తా, సూపేదీ? ఖాళీ కడుపున తాగిస్తారా నన్ను?"

మెట్లు దిగుతూ అన్నాను: "ఏమయ్యా, జీవితంలో మొదటిసారి లెక్క తప్పావు."

వెండెలిన్ జేబులోంచి జానెడు గొట్టం తీసి చుట్టలా నోట్లో పెట్టుకున్నాడు. నున్నగా కోసిన ముక్క.

"తిట్టడానికి మనిషి దొరక్క ఎన్నాళ్లయిందో ఆయనకి" అన్నాడు.

అంతలో పైనుంచి గర్జన: "ఈ బిగింపు కూడా వదులే, కారుతోంది!"

వెండెలిన్ నోట్లోంచి ముక్క జారిపోయింది. "అయ్యో! అది మాత్రం నేను కావాలని చెయ్యలేదే!" అంటూ మెట్లు రెండేసి చొప్పున పైకి పరుగెత్తాడు.