తొణకని గ్లాసు

రామానుజం కోటు జేబులోంచి గ్లాసు తీసేవాడు. రుమాలుతో లోపల ఒకసారి, బయట ఒకసారి తుడిచేవాడు. అంచు దాకా నీళ్లు పోయించేవాడు. ఇంజను నడుస్తుండగా దాని మూత మీద గ్లాసు పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని, నీళ్ల వంక చూస్తూ నిలబడేవాడు. నీళ్లు కదిలేవి కావు. "లి బోన్," అనేవాడు. బాగుంది అని ఆ ద్వీపం వాళ్ల క్రియోల్ భాషలో దానికి అర్థం. ఆ తర్వాత నీళ్లు తాగేసి, గ్లాసు తుడిచి, మళ్లీ జేబులో పెట్టుకునేవాడు.

అదే అతని ఉద్యోగం. పందొమ్మిది వందల ఇరవైలలో, పోర్ట్ లూయీ రేవు పక్కన, మోటారు బళ్లు అమ్మే దుకాణంలో. ఆ దుకాణంలో బండి కొన్నవాళ్లకు ఏడాది గ్యారంటీ ఇచ్చేవారు. ఆ ఏడాదిలో బండి దానంతటది చెడితే దుకాణమే ఊరికే బాగు చేయాలి. చెడిందా లేదా చెప్పవలసినవాడు రామానుజం. అతను చేరాక ద్వీపంలో ఒక్క బండీ చెడలేదు.

అతనికి ముందు ఆ పని నరసయ్య చేసేవాడు. నరసయ్య రెండు బళ్లకు దోషం ఉందని చెప్పాడు. ఇప్పుడు బజారులో ఉల్లిపాయలు తూస్తున్నాడు. రామానుజం ఉల్లిపాయలు అతని దగ్గరే కొనేవాడు. బేరం ఆడేవాడు కాదు.

రామానుజం తాత కొరంగిలో ఓడ ఎక్కి వచ్చాడు. షెమాన్ గ్రెనియే చుట్టూ ఉన్న తోటల్లో చెరకు నరికాడు. తండ్రీ అదే చెరకు నరికాడు. రామానుజం పాదిరీల బడిలో నాలుగు ఫ్రెంచి ముక్కలు నేర్చుకుని, తెల్ల కోటు కుట్టించుకుని, కత్తి పట్టకుండా బతికాడు. ఇందుకు అతన్ని ఎవరూ తప్పు పట్టలేదు. దుకాణం యజమాని మిస్యే పియర్, అంటే పియర్ దొర, అతన్ని ఎంచుకున్నది కోటు చూసి కాదు. అతనికి తెలుగు వచ్చు, భోజ్‌పురి వచ్చు, క్రియోల్ వచ్చు. చిన్న రైతులు బళ్లు కొనడం మొదలుపెట్టారు. కుదరదు అనే మాట సొంత భాషలో వింటే మనుషులు గొడవ చేయకుండా ఇంటికి పోతారని పియర్‌కు తెలుసు.

గ్లాసు సంగతి కూడా దుకాణంలో పుట్టినదే. కొనడానికి వచ్చినవాళ్ల ముందు పియర్ ఇంజను మీద నీళ్ల గ్లాసు పెట్టి, చూడండి, ఒక్క చుక్క ఒలకదు అనేవాడు. ఇంజను నిజంగానే మంచిది. రామానుజం అది చూశాడు. ముచ్చటపడ్డాడు. అమ్మేటప్పుడు చేసిన గారడీ అతని చేతిలో, అమ్మిన తర్వాత చేసే పరీక్ష అయింది. అతను మోసగాడు కాడు. గ్లాసును నమ్మాడు. నమ్మేవాడు మోసగాడికంటే చౌకగా దొరుకుతాడు.

అతని భార్య రుక్మిణిది రివియేర్ దు రాంపార్ అనే ఊరు. ఆమె అన్న పోలయ్యకు అక్కడ కొంచెం చెరకు భూమి ఉంది. రామానుజం మాట మీదే పోలయ్య ఎద్దుల్ని అమ్మేసి, వెనక చెక్క తొట్టి ఉన్న చిన్న లారీ కొన్నాడు. ఊళ్లో అందరూ దాన్ని కామియోన్ అన్నారు. ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. రామానుజం ఆ రోజు ముందు సీటులో కూర్చుని, లారీని తానే కన్నట్టు నవ్వాడు.

ఖాళీగా పోతే బండికి ఏమీ లేదు. చెరకు ఎక్కించి, కాస్త జోరుగా తోలితే కాళ్ల కింద పలకలోంచి సన్నగా జుమ్మని మొదలయ్యేది. జోరు పెరిగేకొద్దీ ఆ జుమ్ము వెన్నులోకి ఎక్కేది. పళ్లు టకటకలాడేవి. ఇంజను తిరుగుడును వెనక చక్రాలకు అందించే పొడుగాటి ఇనుప కడ్డీ ఒకటి బండి కింద ఉంటుంది. అది వంకరగా తిరుగుతోంది. ఈ సంగతి తెలియడానికి చదువు అక్కర్లేదు. తొట్టిలో ఎక్కిన మేకకు కూడా తెలిసేది. అది అరుపు ఆపి నిలబడిపోయేది.

పోలయ్య బండిని పోర్ట్ లూయీ తీసుకొచ్చాడు. రామానుజం గ్లాసు పెట్టాడు. నీళ్లు కదల్లేదు.

"లి బోన్. మీ ఊరి రోడ్డే బాలేదు బావా."

రెండోసారి తీసుకొచ్చాడు. గ్లాసు, నీళ్లు, లి బోన్.

"బరువెక్కువ ఎక్కిస్తున్నావు బావా."

"చెరకు మొయ్యడానికి కొన్నాను. పూలు మొయ్యడానికి కాదు."

మూడోసారి తీసుకొచ్చినప్పుడు రామానుజం విసుక్కున్నాడు.

"నీ చెయ్యి ఎద్దుల్ని తోలిన చెయ్యి. అందుకే ఇది ఒణుకుతోంది."

"బావా, నువ్వు నిలబెట్టిన బండి మీద గ్లాసు పెడతన్నావు. బండి కదిల్తేనే గదా ఆ కడ్డీ తిరుగుద్ది."

"ఇంజను తిరుగుతోందా లేదా?"

"అది తిరుగుతాది. దాని రోగం నేనడగనేదు."

"నిండు కుండ తొణకదు. మన పెద్దలు అన్నారా లేదా?"

"కుండకన్నారు. కామియోన్‌కి అన్నేదు."

రామానుజం నీళ్లు తాగేసి గ్లాసు తుడుచుకున్నాడు.

పోలయ్యకు వేరే దారి లేదు. ఊళ్లో ఉన్న కమ్మరి, ఎవరికీ చెప్పనని పోలయ్య చేత ఒట్టు వేయించుకుని, కడ్డీ ఊడదీసి చూస్తానన్నాడు. కానీ వేరేవాళ్ల చెయ్యి పడితే గ్యారంటీ పోతుంది. ఆ గ్యారంటీ కూడా ఆ నెలతో తీరిపోతుంది. పై నెలలో మిల్లు తెరుస్తారు. కోసిన చెరకు ఎండకముందే మిల్లుకు చేరాలి. దారిలో కడ్డీ విరిగితే చెరకు పొలంలోనే కర్రలైపోతుంది. వెనక్కి తెచ్చుకుందామంటే ఎద్దులు వేరేవాళ్ల కొట్టంలో ఉన్నాయి. రామానుజం ఒక్క మాట అంటే చాలు. దోషముంది. అంతే.

ఇంట్లో రుక్మిణి అన్నం వడ్డిస్తూ అంది. "మా అన్న కాలిరిగినా నువ్వు మోకాలి మీద గ్లాసు పెట్టి లి బోన్ అంతావు."

"నీకు యంత్రం సంగతి తెలీదు."

"మా అన్న సంగతి తెల్సు. నీ సంగతీ తెల్సు."

ఆ వారమే అమ్మోరి పండుగ వచ్చింది. కోతలకు ముందు పోలయ్య ఊరి తెలుగువాళ్లు చేసుకునే పూజ. పోలయ్య ఇంట్లో ఒక ఆచారం ఉంది. ఏటి నీళ్లలో పసుపు కలిపి ఘటం అంచు దాకా నింపుతారు. వేపాకులు వేస్తారు. ఇంటి అల్లుడు దాన్ని తల మీద పెట్టుకుని, చెప్పులు లేకుండా, ఏటి దగ్గర్నుంచి గుడి దాకా నడవాలి. ఘటంలో నీళ్లు ఒలికితే ఆ ఏడాది పంట ఒలికినట్టే అంటారు.

రామానుజం ప్రతి ఏడూ మోసేవాడు. ప్రతి ఏడూ ముళ్లు గుచ్చుకున్నాయని మూడు రోజులు కుంటేవాడు. ఈసారి ఏటి ఒడ్డున ఇస్త్రీ కోటుతో నిలబడి, కాళ్లకున్న బూట్ల వంక చూసుకున్నాడు.

"బండి ఉండగా నడవడం ఎందుకు అత్తా? కామియోన్ మీద తీసుకెళ్దాం."

అత్తగారు బాలమ్మ తల ఎత్తి చూసింది. "ఘటం నడిచెళ్తాది నాయనా. బండెక్కదు."

"కాలం మారింది. నా మాట విను. ఆ బండి మీద గ్లాసు నీళ్లే ఒలకలేదు. ఘటం ఎక్కడికి ఒలుకుద్ది?"

బాలమ్మ కొడుకు వంక చూసింది. పోలయ్య ఏట్లో చెంబు ముంచాడు. వెళ్లి ఇంజనులో నీళ్లు పోశాడు. తర్వాత, నడవలేని ముసలమ్మలెవరున్నారో అడిగి, అందర్నీ ఒక్కొక్కరినే చెయ్యి పట్టి తొట్టిలోకి ఎక్కించాడు. డప్పులవాళ్లను ఎక్కించాడు. వంట గంగాళాలు ఎక్కించాడు. కోతల కాలంలో కూడా ఆ బండి అంత బరువు మోయలేదు.

రామానుజం తొట్టి మధ్యలో పీట వేయించుకుని కూర్చున్నాడు. ఘటం తల మీద పెట్టారు. బూట్లు మాత్రం విప్పాడు. వాటిని ఒళ్లో పెట్టుకున్నాడు.

బండి ఎద్దులబండిలా మెల్లగా కదిలింది. ఘటంలో నీళ్లు నిశ్చలంగా ఉన్నాయి. ముసలమ్మలు పాట అందుకున్నారు. రామానుజం కళ్లు మాత్రమే తిప్పి అందర్నీ చూశాడు. చెరకు చేల మధ్య దారిలో పిల్లలు బండి పక్కనే నడుస్తూ, కొంతసేపటికి దాన్ని దాటిపోయారు.

"ఏంటి బావా, శవాన్ని మోస్తున్నావా?" అని రామానుజం కేకేశాడు. "జోరుగా పోనీ. పూజ వేళ దాటిపోతోంది."

"పోనిమ్మంతావా?" పోలయ్య వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"పోనీమంటున్నా కదా!"

పోలయ్య పోనిచ్చాడు.

మొదట పలకలోంచి జుమ్మంది. పాట వణికింది. ముసలమ్మల నోట వచ్చేది పాటో, దగ్గో తెలియకుండా పోయింది. గంగాళాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మొదలుపెట్టాయి. కొట్టేవాడు లేకుండానే డప్పు మోగింది. రామానుజం రెండు చేతులతో ఘటం పట్టుకున్నాడు. బూట్లు ఒళ్లోంచి జారి ఎటో పోయాయి. మొదటి చుక్క అతని ముక్కు మీద పడింది. తర్వాత చుక్కలు లెక్క పెట్టే వీల్లేకుండా పోయింది. పసుపు నీళ్లు చెవుల మీంచి, మెడ మీంచి, ఇస్త్రీ కోటు మీంచి కిందికి దిగాయి. ఒక వేపాకు కనుబొమ్మకు అంటుకుని అక్కడే ఉంది.

"ఆ... ఆ... ఆపు!" అన్నాడు. పళ్లు టకటకలాడుతుంటే ఆ మాట కూడా ముక్కలైంది.

గుడి ముందు బండి ఆగింది. బాలమ్మ అడ్డదారిన నడిచి ముందే వచ్చి నిలబడి ఉంది. ఘటంలోకి చూసింది. సగం కూడా లేవు. అల్లుడి వంక చూసింది. తలంటు పోసి సగంలో వదిలేసిన పిల్లాడిలా ఉన్నాడు.

"అమ్మోరే నన్ను తడిపింది అత్తా," అన్నాడు రామానుజం. "ఆవిడ కటాక్షం."

"అమ్మోరికి నీతో ఏటి పని నాయనా?" అంది బాలమ్మ. "గ్లాసేదీ? పెట్టు, సూద్దాం."

తొట్టిలోని ముసలమ్మలు ముందు నవ్వారు. తర్వాత ఊరు నవ్వింది. రుక్మిణి నవ్వలేదు. దగ్గరికి వచ్చి కనుబొమ్మ మీది వేపాకు తీసేసింది. రామానుజానికి నవ్వులకంటే అది కష్టంగా ఉంది.

రామానుజం బండి వంక చూశాడు. ఇంజను ఆగిపోయినా అతని కోటు అంచు నుంచి పసుపు నీళ్లు ఇంకా కారుతున్నాయి.

"దోషముంది," అన్నాడు.

ఎవరో "ఏటీ?" అన్నారు.

"కడ్డీలో దోషముంది. బావా, రేపు పొద్దున్న బండి పట్రా. మిస్యే ఎదుటే చెప్తాను."

పోలయ్య అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. బాలమ్మ కొంగుతో అల్లుడి తల తుడిచింది. మళ్లీ ఘటం నింపించి, ఈసారి తానే నడిచి తీసుకొచ్చింది. రామానుజానికి పంక్తిలో మొదటి విస్తరి వేశారు. ఊళ్లో అతనికి అంత మర్యాద ఎన్నడూ జరగలేదు. ఒక్క మాటకు ఇంత భోజనం పెడతారా అనుకున్నాడు.

ఆ మాట అన్నప్పుడు అతను నిజంగానే అన్నాడు. తడిసిన మనిషి నిజం చెబుతాడు. తెల్లవారేసరికి ఆరిపోయాడు.

పొద్దున్నే పోలయ్య అతన్ని ఎక్కించుకుని పోర్ట్ లూయీ బయలుదేరాడు. టేర్ రూజ్ ఊరు దాటేదాకా ఇద్దరూ కబుర్లు చెప్పుకున్నారు. బజారు మీదుగా పోతుంటే నరసయ్య కనిపించాడు. తక్కెడ ఎత్తి పట్టుకుని, ఒక ఉల్లిపాయ తీసేసి, మళ్లీ చూసి, చిన్నది ఒకటి వేస్తున్నాడు. రామానుజం జేబులో గ్లాసు ఉందో లేదో తడిమి చూసుకున్నాడు.

మిస్యే పియర్ కాఫీ కప్పుతో దుకాణం గుమ్మంలోకి వచ్చాడు. మళ్లీ ఈ బండేనా అన్నట్టు చూశాడు. పోలయ్య టోపీ తీసి చేత్తో పట్టుకుని, బావ చెబుతాడని చూశాడు. రామానుజం కోటు గుండీలు సర్దుకుంటుంటే తానే మొదలుపెట్టాడు.

"మిస్యే, గ్లాసు మంచిదే. ఈసారి బండి నిలబెట్టొద్దు. ఎనక బస్తాలు ఏయించండి. బావ గ్లాసు సేత్తో పట్టుకుని నా పక్కన కూసుంటాడు. నేను తోల్తాను. ఒలక్కపోతే నేనింక రాను."

పియర్‌కు ఆట నచ్చింది. బస్తాలు వేయించాడు.

రామానుజం కొళాయి దగ్గరికి వెళ్లాడు. గ్లాసు తీసి లోపల ఒకసారి, బయట ఒకసారి తుడిచాడు. తుడిచిన రుమాలు ఇంకా పసుపుపచ్చగా ఉంది. వీపు ఇటు తిప్పి నీళ్లు పట్టాడు. గ్లాసు మీద అరచెయ్యి మూతలా వేసుకుని వచ్చి సీటులో కూర్చున్నాడు.

పోలయ్య రేవు చుట్టూ జోరుగా తిప్పాడు. జుమ్మంది. పళ్లు టకటకలాడాయి. రామానుజం అరచెయ్యి గ్లాసు మీంచి తీయలేదు. గుమ్మం ముందు ఆపాక రామానుజం దిగి, పొడిగా ఉన్న అరచెయ్యి యజమానికి చూపించాడు. పొడిగా ఉన్న కోటు చూపించాడు. పియర్ తల ఆడించి లోపలికి వెళ్లిపోయాడు.

పోలయ్య గ్లాసులోకి తొంగిచూశాడు. అడుగున రెండు వేళ్ల మందం నీళ్లున్నాయి.

"లి బోన్," అన్నాడు రామానుజం.

తర్వాత ఎప్పటిలాగే ఆ నీళ్లు తాగాడు. ఒక్క గుక్కకే అయిపోయాయి.