నవ్వు బొమ్మలూ ఖాదర్ భాయ్ మోకాలూ

అమీర్‌పేటకి మెట్రో రైలు వచ్చిన మరుసటి ఏడు, జూన్ నెలలో, పంజాగుట్టలోని ఒక ప్రైవేటు ఎముకల ఆసుపత్రిలో నన్ను మూడో అంతస్తుకి ఫ్లోర్ సూపర్‌వైజర్‌గా వేశారు. అంతకుముందు అక్కడే వార్డ్‌బాయ్‌గా పదకొండేళ్ళు, కట్లు కట్టే గదిలో డ్రెస్సర్‌గా పద్నాలుగేళ్ళు చేశాను. ఎనిమిదో తరగతిలో లెక్కల పరీక్షకి భయపడి బడి మానేసినవాణ్ణి. అలాంటివాడికి సూపర్‌వైజర్ కాగానే అప్పగించిన మొదటి పని ఏమిటయ్యా అంటే, మనుషులకి మార్కులు వేయించడం.

మూడో అంతస్తు మోకాళ్ళ మార్పిడి వాళ్ళది. ఆపరేషన్ డాక్టరు చేస్తాడు, గంటన్నరలో అయిపోతుంది. అసలు పని మర్నాడు మొదలవుతుంది. ఫిజియోథెరపిస్టు వచ్చి కొత్త మోకాలిని వంచాలి. రెండు చేతులున్న ప్లాస్టిక్ స్కేలు పెట్టి, ఎన్ని డిగ్రీలు వంగిందో కొలిచి కేస్‌షీటులో రాయాలి. నాలుగోరోజు ఇంటికి పంపేలోగా తొంభై రావాలని మా పెద్ద డాక్టరు నియమం. తొంభై అంటే కుర్చీలో కూర్చున్నప్పుడు కాలు ఎంత వంగుతుందో అంత. ఆ నాలుగు రోజులు వంచకపోతే లోపల కండ గట్టిపడి మోకాలు బిగుసుకుపోతుంది. వంచితే నొప్పి. ఎంత నొప్పంటే, కోర్టులో జడ్జీలనే దబాయించే వకీళ్ళు కూడా మా అంతస్తులో అమ్మని తలుచుకునేవారు.

ఆ ఏడే మాకు క్వాలిటీ మేనేజర్ అనే కొత్త పదవి వచ్చింది. అందులోకి భీమవరం వైపు నుంచి శ్రీకాంత్ గారు వచ్చారు. చేతిలో టాబ్లెట్. మాత్ర కాదు, పలక లాంటిది. దాని మీద పది ప్రశ్నలు, ఒక్కోదాని కింద ఐదు బొమ్మలు: ఒక మార్కుకి ఎర్రగా ఏడ్చే ముఖం నుంచి ఐదు మార్కులకి ఆకుపచ్చగా నవ్వే ముఖం దాకా. రోగి ఇంటికెళ్ళే రోజు ఉదయం దాన్ని నేను పట్టుకెళ్ళి నొక్కించాలి.

“మల్లేశం గారూ, పేషెంటు అనకూడదండీ. గెస్ట్ అనాలి,” అన్నారు మొదటిరోజే.

“కుట్లు ఏసుకున్నోడు చుట్టమెట్లయితడు సార్?” అన్నాను. ఆయన నవ్వలేదు. నవ్వు గెస్టుల వంతు.

ప్రశ్నలు చదివాను. సిబ్బంది నవ్వుతూ మాట్లాడారా? భోజనం రుచిగా ఉందా? బండి పెట్టుకోవడానికి చోటు దొరికిందా? మోకాలు వంగిందా అన్న ప్రశ్న మాత్రం లేదు. బస్సులో వచ్చిన ఒకావిడ బండి ప్రశ్నకి ఏడుపు ముఖం నొక్కింది, ‘మాకు బండే లేదు కద’ అని. ఉప్మాలో ఉప్పు తక్కువైతే నర్సుకి మార్కు తగ్గేది. అమీర్‌పేటలో కంప్యూటర్ పాఠాలు చెప్పే సారు ఒకాయన పది ప్రశ్నలకీ మధ్య ముఖమే నొక్కి, “ఫుల్ మార్కులిస్తే పిల్లలు చెడిపోతరు,” అన్నాడు. ఆ దెబ్బకి మా అంతస్తు సగటు వారం రోజులు లేవలేదు.

మా ఫిజియోలు ఇద్దరు. ఒకాయన మోకాలి మీద వేడి సంచి పెట్టి క్రికెట్ కబుర్లు చెప్పేవాడు. ఐదుకి నాలుగు పాయింట్ తొమ్మిది. రెండో ఆమె స్వరూప మేడం, బల్కంపేట మనిషి. గదిలోకి వస్తూనే దుప్పటి తీసి, స్కేలు తీసి, పని మొదలుపెట్టేది. ఆమెకి రెండు పాయింట్ ఆరు. ఆమెది ఏడాది కాంట్రాక్టు. జూలైలో నాలుగు దాటకపోతే కాగితం తిరిగి రాయబోమని శ్రీకాంత్ గారు మీటింగులో అందరి ముందూ చెప్పారు.

బయటికొచ్చాక ఆమె నన్ను పట్టుకుంది. “అన్నా, గీ బొమ్మల కోసం మోకాలు ఇడిసిపెట్టాల్నా?”

అప్పుడు నేను నోరు మూసుకుని ఉండాల్సింది. పాతికేళ్ళ అనుభవం ఊరుకోనిస్తుందా? “జర నవ్వుండ్రి మేడం. అరిస్తే ఆపుండ్రి. గీ ఒక్క నెల గట్ల నడిపిస్తే నౌకరి నిలవడ్తది,” అన్నాను. ఆమె స్కేలు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత నా మాటే విన్నది.

అలా నా సలహా మొట్టమొదట పడిన మోకాలు ఖాదర్ భాయ్‌ది. యూసుఫ్‌గూడలో దర్జీ, కాలితో తొక్కే మిషన్. ఆపరేషనే ఆ మిషన్ తొక్కడం కోసం చేయించుకున్నాడు. “బేటీ, ఆపు! జాన్ పోతున్నది!” అని అరవగానే ఆమె ఆపేసింది. నవ్వింది. వేడి సంచి పెట్టింది. నాలుగోరోజుకి అరవై ఐదు డిగ్రీలు. కేస్‌షీటులో అరవై ఐదనే రాసింది, అబద్ధం రాయలేదు. పెద్ద డాక్టరు ఊళ్ళో లేడు. సంతకం పెట్టాల్సిన జూనియర్ డాక్టరు మార్కులు బాగా వచ్చాయని కేస్‌షీటు అట్ట మీద నేను అంటించిన ఆకుపచ్చ నవ్వు ముఖం చూసి, లోపల తెరవకుండానే ఇంటికి పంపాడు. పొద్దున్నే పది ప్రశ్నలకీ ఆకుపచ్చే నొక్కిన ఖాదర్ భాయ్, మేడంని దీవించి వెళ్ళాడు. ఆ నెల ఆమెకి నాలుగు పాయింట్ ఎనిమిది. లిఫ్టు పక్కన ఫోటో పెట్టి, కేకు కోయించి, మూడు నెలలు పొడిగిస్తూ కాగితం ఇచ్చారు.

ఆరువారాలకి ఖాదర్ భాయ్ ఆటోలో వచ్చాడు. కాలు మడతపడక బయటికి చాపుకుని, ఆ చాపిన కాలికి ఎర్ర గుడ్డ కట్టుకుని వచ్చాడు, లారీలో ఇనుప చువ్వలకి కట్టినట్టు.

“మిషన్ తొక్కొస్తలేదు మల్లేశం భాయ్. దసరా బట్టలు గుట్టలు పడ్డయ్,” అన్నాడు.

పెద్ద డాక్టరు చూసి, మత్తిచ్చి వంచాలన్నాడు. అంటే రోగి నిద్రలో ఉండగా కాలు పట్టుకుని బలంగా వంచి, లోపల బిగిసినదాన్ని తెంచడం. ఆ గదిలో నేనున్నాను. కొత్త గుడ్డ చింపినట్టు చప్పుడొచ్చింది. ఖాదర్ భాయ్‌కి తెలివొచ్చాక స్వరూప మేడం మంచం దగ్గరికి వెళ్ళింది. ఆయన ఆమెని కోప్పడలేదు. అంతకంటే చెడ్డపని చేశాడు, నెమ్మదిగా అడిగాడు.

“బేటీ, నాదగ్గరికి ఒకాయనొస్తడు. కొలత తీస్తుంటే పొట్ట లోపటికి గుంజుకుంటడు. ఆయన ఖుష్ కావాలని గదే కొలత రాస్కుంటే పండుగనాడు గుండీలు ఊడ్తయ్. నేను అరిచిన, సరే. నువ్వెందుకు విన్నవ్?”

ఆమె నావైపు చూసింది. నేను సెలైన్ సీసా వైపు చూశాను.

“నేనే చెప్పిన భాయ్,” అన్నాను.

“నువ్వు దర్జీవి గావు, డాక్టర్‌వి గావు. నీ చేతికి కత్తెర ఎవడిచ్చిండయ్యా?” అన్నాడు.

ఈసారి ఆమె ఆపలేదు. ఆయన హిందీలో ఒకసారి, తెలుగులో ఒకసారి తిట్టాడు. ఆమె పళ్ళు బిగించి వంచింది. మొదటిరోజు డెబ్బై ఎనిమిది, మూడోరోజు తొంభై, ఐదోరోజు తొంభై ఏడు. వెళ్ళేరోజు మంచం అంచున కూర్చుని గాల్లోనే మిషన్ తొక్కి చూపించాడు. నేను టాబ్లెట్ ఇచ్చాను. ‘సిబ్బంది నవ్వుతూ మాట్లాడారా’ దగ్గర ఆగాడు.

“నవ్వలే గద?” అన్నాడు.

“ఆకుపచ్చది నొక్కు భాయ్. ఆమె నౌకరి.”

“నా మోకాలు బాగుచేసింది. గా సవాలు యాడుంది చూపియ్, పదిసార్లు నొక్కుత. నవ్విందా అంటే నవ్వలే. ఝూట్ ఎట్ల చెప్పాలె?” అని ఎర్ర ముఖం నొక్కాడు. మోకాలి ప్రశ్న కోసం చివరిదాకా వెతికాడు. లేదు. భోజనానికి మాత్రం ఆకుపచ్చ ఇచ్చాడు.

ఆ నెల ఆమె ప్రతి మోకాలినీ తొంభై దాటించింది, సగటు రెండు పాయింట్ మూడు. మూడు నెలలు కాగానే కాంట్రాక్టు ఆపేశారు. ఖాదర్ భాయ్ రెండోసారి చేరడాన్ని శ్రీకాంత్ గారు రిపోర్టులో ‘నమ్మకంతో తిరిగి వచ్చిన గెస్ట్’ కింద వేశారు. నాకా ఏడాది ఉత్తమ సూపర్‌వైజర్ బిళ్ళ ఇచ్చారు, తీసుకున్నాను. స్వరూప మేడం బల్కంపేటలోనే ఒక చిన్న క్లినిక్‌లో చేరింది. ఖాదర్ భాయ్ రెండో మోకాలికి ఆమె దగ్గరికే వెళ్ళాడు. అక్కడ టాబ్లెట్ లేదు.

ఈ ఉదంతంలో నేను నేర్చుకున్నది ఇది. నొప్పి పెట్టక తప్పని పనికి నవ్వు చూసి మార్కులు వేస్తే, ముందు ఆగిపోయేది ఆ పనే. మోకాలి సంగతి అడగాలంటే నాలుగోరోజు కాదు, ఆరోవారం అడగాలి. ఇది నాకు మీటింగు రోజే తెలుసు. తెలిసిన ఆ మాట శ్రీకాంత్ గారికి చెప్పాల్సింది, స్వరూప మేడంకి సలహా చెప్పాను. ఆయనకి చెబితే నా ఉద్యోగానికి ఇబ్బంది. ఆమెకి చెబితే ఖాదర్ భాయ్ మోకాలికి ఇబ్బంది. నేను రెండోది ఎంచుకున్నాను.