గళ్ళు మారిన పాటలు

జయకుమారక్క కంప్యూటరును పాడుచేసింది రైడు వాళ్ళు కాదు, నేను. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు కాస్త తేలిగ్గా ఉంటుంది.

2004 ఎండాకాలం. చిలకలూరిపేట బస్టాండు వెనక సందులో మా కొట్లు పక్కపక్కనే ఉండేవి. నాది బాజీ జిరాక్స్, ఆవిడది జయ డీటీపీ. నాకు కంప్యూటర్లు బాగా తెలుసని పేటలో ఒక పుకారు ఉండేది. ఆ పుకారు పుట్టించింది కూడా నేనే.

అక్క కంప్యూటరుకు రాకముందు గుంటూరులో ఒక చర్చి ప్రెస్సులో పద్నాలుగేళ్ళు కంపోజిటరు. సీసపు అక్షరాల కాలం అది. చెక్క పెట్టెలో వందల గళ్ళు. అక్షరం ఒళ్ళు ఒక గడిలో, తలకట్టు ఇంకో గడిలో, గుడి ఒక చోట, ఒత్తు మరో చోట. చూపు కాగితం మీద ఉంటే చెయ్యి తనంతట తానే గళ్ళలోకి పోయి ముక్కలేరుకు రావాలి. కంపోజిటరు అర్థం చూడకూడదని అక్కకు అక్కడ నేర్పారు. అర్థం చూస్తే చెయ్యి ఆగుతుంది, చెయ్యి ఆగితే తప్పు పడుతుంది.

ఆ అలవాటు ఆవిడను వదల్లేదు. చెవిన పడ్డది పడ్డట్టు కొట్టేసేది. ఒకసారి పెళ్ళికార్డు చెప్పిస్తున్న పెద్దమనిషి మధ్యలో పక్కన వాళ్ళావిడతో "ఉండవే, చెప్తున్నాగా" అన్నాడు. ముహూర్తం కింద ఆ ముక్క కూడా పడింది. ప్రూఫులో దొరికింది కాబట్టి సరిపోయింది. నెల రోజులు ఆ మాట పట్టుకుని నేను అక్కను ఏడిపించాను.

వాళ్ళ నాన్న క్రీస్తుదాసు గారు చర్చిలో వాక్యం చెప్పే ఉపదేశి. మిరప కల్లాల్లో రంగు పోయిన తాలుకాయలు ఏరే ఆడకూలీల కోసం పాటలు కట్టేవాడు. కాయితం మీద ఒక్కటీ పెట్టలేదు. చూపు తగ్గాక, రోజూ మూడింటికి బస్సు దిగి వచ్చి అక్క పక్కన స్టూలు మీద కూర్చుని ఒక్కో పాటా పాడి చెప్పేవాడు. అక్క కొట్టేది. ఏడాదిన్నరలో నూట పన్నెండు పాటలయ్యాయి. ఆఖరి పాట చెప్పిన నాలుగో రోజున, అంతకుముందు ఏడు ఆగస్టులో, ఆయన పోయాడు. మొదటి పాట ఒక్కటే ప్రూఫు తీసి ఉంది. మిగతావన్నీ ఆ మిషన్లోనే ఉన్నాయి. అక్క మళ్ళీ ఆ ఫైలు తెరవలేదు.

"ఏడాది తిరిగేసరికి పుస్తకం వేస్తా బాజీ. అప్పుడే తెరుస్తా. ఇప్పుడు నా వల్ల కాదు," అంది.

మే నెలలో, ఒంగోలు నుంచి కాగితం రీములు తెచ్చే సాల్మన్ ఒక వార్త మోసుకొచ్చాడు. హైదరాబాదు నుంచి వకీళ్ళు పోలీసుల్ని వెంటబెట్టుకుని ఒంగోలు వచ్చి, దొంగ సాఫ్ట్‌వేరు ఉన్న కంప్యూటర్లను వైర్లతో సహా జీపులో వేసుకుపోయారట. కాపీరైటు చట్టం కింద తక్కువలో తక్కువ వారం జైలు, యాభై వేలు జరిమానా. తర్వాత పేటకే వస్తారట.

సాల్మన్ పోయాక అక్క మెల్లగా అడిగింది. "అబ్బాయ్, మన మిషన్లో దొంగవేమన్నా ఉన్నాయా?"

నేను నవ్వాను. అప్పుడెందుకు నవ్వానో ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. "దొంగది కానిది కీబోర్డు ఒక్కటే అక్కా. గుంటూరు వీరాంజనేయులు మిషను బిగించినప్పుడే అన్నీ ఒక సీడీలోంచి వేసిచ్చాడు. తెలుగు అక్షరాలు కూడా దాన్లోవే."

"ఊరికే ఇచ్చాడనుకున్నానురా."

"ఊరికేనే ఇచ్చాడు. ఆయనవి కావు కాబట్టి."

అక్క ఆదివారం బడిలో పిల్లలకు పాఠాలు చెప్పే మనిషి. "నాన్న పాటలు దొంగ అక్షరాల్లో కొట్టానా," అంది.

ఆ రోజు నుంచి సందులో జీపు చప్పుడైతే చాలు, ఆవిడ చేతులు కీబోర్డు మీద ఆగిపోయేవి. షట్టరు సగానికి దించి పని చేసేది. మిషను మీద దుప్పటి కప్పేది. జైలుకు కాదు ఆవిడ భయం. మిషను పట్టుకుపోతే పాటలు దాంతోనే పోతాయి. పంచనామా చేసి ఏ స్టేషన్ గదిలోనో పడేస్తే మళ్ళీ చేతికొచ్చేదెప్పుడు? ఆగస్టు మూడు నెలల్లో ఉంది.

మిడిమిడి జ్ఞానం ఊరుకోదు కదా. ఒక కంప్యూటరు పత్రికతో వచ్చిన, విండోస్ బదులు మిషన్లో వేసుకునే లైనక్స్ సీడీ నా దగ్గరుంది. అక్కకు చూపించాను.

"ఇది ఎవరిదిరా మళ్ళీ?"

"ఎవరెవరో కలిసి రాసి, ఎవరైనా వాడుకోండి, నలుగురికీ ఇచ్చుకోండని వదిలేశారక్కా. చట్టప్రకారం రాతపూర్వకంగా ఇచ్చారు."

"రాసిచ్చారా? ఏదీ, చూపించు."

సీడీలో ఉన్న ఆ ఒప్పందం ఏడు పేజీలు ప్రింటు తీయించింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఏడు పేజీలూ మైదాతో గోడకు వరసగా అతికించింది. వకీలు వస్తే ముందు అదే కనపడాలంది.

పాటలన్నీ ఉత్త అక్షరాల ఫైలుగా మార్చి రెండు ఫ్లాపీల్లోకి ఎక్కించాను. ఒకటి పోతే ఇంకోటి ఉంటుందని. నా తెలివికి నేనే మురిసిపోయాను. మిషను మొత్తం తుడిచేశాను. వీరాంజనేయులు సీడీని కత్తెరతో ముక్కలు చేసి కాలవలో పడేశాను. లైనక్స్ ఎక్కింది. అక్క ఎన్నో రోజుల తర్వాత షట్టరు పూర్తిగా పైకెత్తింది.

ఫ్లాపీ పెట్టి పాటలు తెరిచాను. తెరనిండా డాలరు గుర్తులు, కొక్కేలు, తలకిందుల ప్రశ్నార్థకాలు, ఏ దేశానివో తోకలున్న అక్షరాలు. తెలుగు ఒక్కటీ లేదు. రెండో ఫ్లాపీ పెట్టాను. అదీ అంతే.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆ రోజుల్లో తెలుగులో ఏ ముక్కకు ఏ గుర్తు అన్నదానికి ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. వాళ్ళ అక్షరాలు ఉంటేనే వాళ్ళ లెక్క తెలుగై కనపడేది. ఆ అక్షరాలున్న సీడీ కాలవలో ఉంది. కాలవలోకి దిగి వెతికాను కూడా. దొరికిన ముక్కలు దేనికీ పనికిరావు. గుంటూరు పరిగెత్తాను. రైడు భయానికి వీరాంజనేయులు కొట్టు మూసి ఎటో వెళ్ళిపోయాడు. ఇంకో అయిదు కొట్లలో వాళ్ళ వాళ్ళ అక్షరాలు వేసి చూశాను. అయిదు రకాల పిచ్చి రాతలొచ్చాయి.

అక్క నన్ను తిట్టినా బాగుండేది. స్టూలు వంక చూస్తూ కూర్చునేది. తెచ్చుకున్న క్యారియరు అట్లాగే ఇంటికి పోయేది. జూన్ వచ్చింది, జూలై వచ్చింది. రైడు మాత్రం పేటకు రానేలేదు. రాని జీపుకు భయపడి ఆవిడ కొంప నేను నా చేతుల్తో ముంచాను. ఆ కొట్టు ముందు నుంచి పోకుండా సందు చుట్టూ తిరిగి నా కొట్టుకు పోయేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం అక్క మా మధ్యగోడ మీద గట్టిగా కొట్టింది. పోయాను. బల్ల మీద మొదటి పాట ప్రూఫు ఉంది. దాని పక్కన అదే పాట పిచ్చి గుర్తుల్లో ప్రింటు తీసిన కాగితం. రెండింటి మీదా వేళ్ళు ఆనించి ఉంది.

"అక్షరాలు పోలేదురా. గళ్ళు మారాయి. ఇదిగో, ఈ కొక్కెం తలకట్టు. డాలరు గుడి. ఎక్కడ తలకట్టుంటే అక్కడ కొక్కెం ఉంది, చూడు. మా టైపు పెట్టెను ఎవడో తారుమారు చేసినట్టుంది, అంతే."

పెద్ద అట్ట తీసుకుని గళ్ళు గీసింది. ఒక్కో గడిలో ఒక్కో పిచ్చి గుర్తు, దాని కింద తెలుగు ముక్క. మొదటి పాటలో లేని ముక్కల్ని తరవాతి పాటల్లో ఊహించి పట్టింది. అట్ట చూసుకుంటూ పాటకు మూడు రోజులు పట్టింది ముందు. తర్వాత రోజుకో పాట. ఆ తర్వాత అట్ట అవసరమే లేకపోయింది. తోకల అక్షరాల మీద వేలు పెట్టి తెలుగు చదివేది, నేను నోటుబుక్కులో రాసేవాణ్ణి. ఆగస్టు దాటిపోయింది. నవంబరులో నూట పన్నెండో పాటకొచ్చాం.

కల్లంలో ఎండబెట్టిన కాయల గురించిన పాట అది. మూడో చరణం మధ్యలో అక్క వేలు ఆగింది. వెనక్కి పోయి మళ్ళీ చదివింది. చాలా రోజుల తర్వాత అట్ట తీసి గళ్ళతో సరిచూసుకుంది.

"ఏంటక్కా, తప్పు పడిందా?"

"పాట కాదిది," అంది. ముక్క ముక్కగా చదివింది. "అమ్మాయ్, కాసిని మంచినీళ్ళియ్యి. గొంతెండిపోతోంది."

ఆ కింద మళ్ళీ చరణం మొదలైంది.

నేను కలం కింద పెట్టేశాను. పెళ్ళికార్డు గుర్తొచ్చింది, నవ్వు రాలేదు.

అక్క వేలు ఆ వరస మీద నుంచి తీయలేదు.

"విన్నట్టే లేదురా నేను. కొట్టుకుంటూ పోయాను. లేచి ఇచ్చానో లేదో గుర్తు రావట్లేదు బాజీ."