సమానత్వం రెండో అంతస్తుల ఉంది

“ఓ అమ్మా! బండి తియ్! పెద్దసారు కారు పెట్టాలె!”

మొన్న కార్ఖానా గల్లీ మొత్తం తిరిగి చూసిన ఆ కేక ఎవరిదనుకున్నరు? నాదే! ఆ ఒక్క కేకతోని నా ఇజ్జత్ ఎట్ల పోయిందో వినుండ్రి.

సర్కారు ఆఫీసులల్ల ఆడోళ్లకు, వికలాంగులకు, అందరికి సమాన అవకాశాలు దొరుకుతున్నయా లేదా అని చూసెటందుకు హెడ్డాఫీసు నుంచి పెద్దాఫీసరు వస్తున్నరని కబురు. మా ఆఫీసుల కుర్చీలు, బల్లల ఇన్‌చార్జ్‌ని నేను. ఇగ చూస్కోండి హడావిడి! రెండో అంతస్తుల మీటింగు, బ్యానరు, పెద్దోళ్లకు స్పెషల్ బిర్యానీ. బొకే ఇచ్చెటందుకు టైపిస్టు గ్రేస్‌ను పెట్టిన. బొకే అంటే లేడీసే ఇయ్యాలె గద!

నేను గేటు కాడ నిలవడ్డ. గప్పుడే ఒకామె, వెనక రెండు చక్రాలు ఎక్స్‌ట్రా ఉన్న స్కూటర్ తెచ్చి సరిగ్గ కారు జాగల ఆపింది. అందుకే ఆ కేక.

ఆమె చంకకర్రలు తీసుకుంట అడిగింది: “ఎవరొస్తున్నారు?”

“సమానత్వం చెక్ చేసే సారమ్మా.”

“ఉందా మరి మీ ఆఫీసులో?”

“ఫుల్లుగ ఉంది! పైన, రెండో అంతస్తుల. బ్యానర్ సుత కట్టినం!”

“ఆ సారుని నేనే. లిఫ్ట్ ఎక్కడ?”

మా బిల్డింగుకు లిఫ్టే లేదు!

సూపరింటెండెంటు సారు ఉరికొచ్చిండు. నేను తెలివి చూపెట్టిన. “మేడం, కుర్చీల కూసోండ్రి, నలుగురం ఎత్కపోతం!”

“నేనేమైనా పెళ్లికూతురినా, బుట్టలో ఎత్తుకెళ్లడానికి? మీ సమానత్వాన్నే కాస్త కిందికి దిగమనండి. సరే, మీ స్టాఫులో మెట్లు ఇబ్బందైనవాళ్లు ఎవరైనా ఉన్నారా?”

“ఒక్కరు సుత లేరు మేడం!” అన్న నేను.

సరిగ్గ అప్పుడే గ్రేస్ బొకేతోని దిగుడు షురూ చేసింది. చిన్నప్పుడు పోలియో వచ్చిన కాలు. ఒక చేతిల బొకే, ఒక చేతిల రెయిలింగు, మెట్టు మెట్టుకు ఆగుకుంట. ఆ మెట్లు ఎంతకూ ఒడుస్తలేవు!

మేడం బొకే ముట్టలే. “నీ సీటెక్కడమ్మా?”

“పైనేనండి. కిందికి మార్చమని అడుగుతూనే ఉన్నానండి. అంకుల్ గారు వచ్చే నెల అంటారు.” గ్రేస్‌ది కాకినాడ సైడు. తిట్టినా మర్యాదగనే ఉంటది.

మేడం నా దిక్కు చూసింది. “ఆ బల్ల కిందికొచ్చాకే భోజనాలు.”

ఒక దిక్కు నేను, ఒక దిక్కు సూపరింటెండెంటు సారు పట్టి బల్ల దించినం. ఎప్పటికీ వచ్చే నెలల ఉండే పని, బిర్యానీ చల్లారకముందే అయిపోయింది! దాని ఎనకనే కుర్చీలు దిగినయ్, స్టాఫు టిఫిన్ డబ్బాలు దిగినయ్. బిర్యానీ, పప్పన్నం, చేపల పులుసు అన్నీ గ్రేస్ కొత్త జాగల ఒక్కకాడ చేరినయ్. అందరు కూసున్నరు. కుర్చీ దొరకనిది నాకొక్కనికే, కుర్చీల ఇన్‌చార్జ్‌కి!

“గ్రేసమ్మా, నాకో కుర్చీ?”

“చూద్దామండి అంకుల్ గారూ. వచ్చే నెల.”

మేడం సుత నవ్వింది. నేను ప్లేటు పట్కొని అడుగు మెట్టు మీద కూసున్న. ఇన్నేండ్ల సర్వీసుల ఆ మెట్లు అంత గట్టిగుంటయని నాకెవ్వలు చెప్పలే!