అమెరికా బొంత

తాగి చెబుతున్నానని అనుకోకండి. ఆ రాత్రి నా కడుపులో మేముండే గుదైబియా గల్లీలోని కెఫటేరియా చాయ్ తప్ప ఇంకేం లేదు. జరిగిందే చెబుతున్నా.

ఈ అరబ్బు దేశంలో, మనామా పట్నంలో ఒక ఎగ్జిబిషన్. అమెరికా నల్లజాతి ముసలమ్మ, పెద్ద చిత్రకారిణి. జీవితమంతా గీసినవి, దాచుకున్నవి అన్నీ పెట్టెల్లో వచ్చాయి. గోడలకెక్కించే పని మాది. పగలు సైటు, రాత్రి ఇక్కడ ఓవర్‌టైం. ఒళ్ళు హూనమైపోయింది. సూపర్‌వైజర్ వెళ్తూ వెళ్తూ బెదిరించాడు. "ఒక్క సామాన్‌కు మరకవడ్డా నీ ఛుట్టీ ఖలాస్!" నాలుగేళ్ళకు దొరికిన సెలవది. నేనిక్కడికొచ్చాక పుట్టిన కూతుర్ని అప్పటికింకా ఫోన్లోనే చూస్తున్నాను.

డ్రైవర్ రఫీక్ భాయ్ బండిలో పడుకున్నాడు. హాల్లో నేనొక్కణ్ణే. దిక్కుమాలిన ఏసీ... ఎముకలు కొరికేస్తోంది. పెట్టెల పక్కన సామానుకు చుట్టే పాత దుప్పట్లు పడి ఉన్నాయి. ఒకటి లాగి కప్పుకున్నాను. మా అమ్మ పాత చీరలతో కుట్టే బొంతలా ఉంది. బరువుగా, మెత్తగా...

కన్ను మూతపడిందో లేదో... వీపు మీద ఎవరో తడుతున్నారు. తప్... తప్... చంటిపిల్లల్ని నిద్రపుచ్చినట్టు.

"ఇడిచిపెట్టు భాయ్, జర పండనియ్యి" అని విసుక్కున్నాను.

ఆగలేదు. తప్... తప్... సన్నగా కూనిరాగం. ఏ భాషో తెలియదు. అప్పుడు గమనించాను... వేళ్ళన్నీ మెత్తగా ఉన్నాయి. ఒకటి మాత్రం గట్టిగా తగులుతోంది. దర్జీలు సూది గుచ్చుకోకుండా వేలికి ఇనుప టోపీ తొడుక్కుంటారే... అలా.

లేచి చూస్తే ఎవరూ లేరు. నా మీద బొంతా లేదు. తలెత్తాను... గోడ నిండా, ముడత లేకుండా వేలాడుతోంది. పై అంచు నిచ్చెన వేస్తే గానీ అందదు. నిచ్చెనేమో నేను మడిచి పెట్టిన మూలనే ఉంది.

రఫీక్ భాయ్ వచ్చి నోరెళ్ళబెట్టాడు. "గిది ఆ ముసలమ్మ తల్లి కుట్టిన బొంత. ఆ తల్లి సచ్చి ఎన్నేండ్లాయెనో! పొద్దుగాల నలుగురం ఎక్కియ్యాలె గదా, ఒక్కనివే ఎట్ల ఎక్కిచ్చినవ్?"

మర్నాడు ముసలమ్మ చక్రాల కుర్చీలో వచ్చింది. బొంత కింది అంచు వాసన చూసి ఏదో అడిగింది. రఫీక్ భాయ్ గొంతు తగ్గించి చెప్పాడు. "కొబ్బరినూనె వాసనొస్తుందట. ఎవరు పండుకున్నరని అడుగుతుంది."

పక్కనే సూపర్‌వైజర్. సెలవు పోయినట్టే. అబద్ధం ఆడే ఓపిక కూడా లేక, తల వంచుకుని ఆమె ముందు నిలబడ్డాను. ఆమె నన్ను కాసేపు చూసింది. సూపర్‌వైజర్‌తో పని బాగుందని మాత్రం అన్నదట. నన్ను వంగమని సైగ చేసి వీపు మీద తట్టింది. తప్... తప్... అదే వరస. కానీ వేళ్ళన్నీ మెత్తగానే ఉన్నాయి.

సెలవు దొరికింది. ఇంటికెళ్ళిన రాత్రి నా కూతుర్ని పక్కన పడుకోబెట్టుకుని తడుతున్నాను. అది ఒక్కసారిగా కళ్ళు తెరిచింది.

"బాపూ... నీ వేలు ఒకటి గట్టిగున్నది."

లైటు వేసి చూసుకున్నాను. నా వేళ్ళకు ఏమీ లేదు.